ఇంట్లో వాడే ఫీటల్ డాప్లర్ కొనాలా వద్దా: ఐదున్నర నెలలు వాడాక రాస్తున్నా

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి రెండు స్టార్లే ఇస్తున్నా. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే ఈ మెషిన్ పాడైపోయి కాదు. ఇప్పటికీ శుభ్రంగా పనిచేస్తోంది, స్పీకర్ గట్టిగా వినిపిస్తుంది, ఒకసారి చార్జింగ్ పెడితే వారం పైనే వస్తుంది, చిన్న తెరమీద అంకె కూడా చక్కగా కనిపిస్తుంది. ఇంత బాగా పనిచేసే వస్తువుకి రెండు స్టార్లేమిటి అంటారేమో, అది చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నా. కడుపుతో ఉన్నవాళ్లు, వాళ్ల భర్తలు, అమ్మలు, అత్తలు ఓపిక చేసుకుని చదవండి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది ఆ ఒక్క కంపెనీ సంగతి కాదు, ఇంట్లో వాడుకోమని అమ్మే ఈ రకం మెషిన్లన్నిటి సంగతీ ఇదే.

ఎందుకు కొన్నామో చెప్తాను. అంతకు ముందు ఏడాది నాకు ఎనిమిదో వారం స్కాన్‌లో హార్ట్‌బీట్ రాలేదన్నారు. పది రోజులాగి మళ్లీ చూశారు, అప్పుడూ రాలేదు. ఆ గదిలో డాక్టరు గారు తెర వైపే చూస్తూ ఏమీ మాట్లాడకుండా ఉన్న ఆ అర నిమిషం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకని రెండోసారి నెల తప్పినప్పుడు మా ఇంట్లో అందరికీ ఒకటే ధ్యాస, హార్ట్‌బీట్ వచ్చిందా, ఎంత ఉంది. ఆరు వారాల ఐదు రోజులకు చేసిన స్కాన్‌లో నిమిషానికి 118 వచ్చింది. మా ఆయన ఫోన్‌లో వెతికి 110 నుంచి 160 వరకు నార్మల్ అని చదివి ఊపిరి పీల్చుకున్నారు. తొమ్మిదో వారం రిపోర్టులో 174 అని ఉంది. అంతే, ఇంటికొచ్చేదాకా కారులో ఎవరం మాట్లాడలేదు. 160 దాటిందంటే ఏదో తేడా ఉందనే అనుకున్నాం.

మర్నాడు మా డాక్టరు గారు విడమరిచి చెప్పాకే తెలిసింది. 110 నుంచి 160 అనేది అన్ని వారాలకూ ఒకేలా పనికొచ్చే లెక్క కాదట, అది ముఖ్యంగా ఆఖరి నెలల్లో, కాన్పు సమయంలో చూసే లెక్క. బిడ్డ గుండె మొదలైన కొత్తలో, అంటే ఆరో వారం దగ్గర, 110 అటూ ఇటూగా నెమ్మదిగానే కొట్టుకుంటుంది. అక్కడి నుంచి రోజురోజుకీ పెరిగి తొమ్మిది, పది వారాలకు 170 దాకా వెళ్తుంది. ఆ తర్వాత మళ్లీ మెల్లగా తగ్గుతూ, ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూడటానికి చేసే టిఫా స్కాన్ నాటికి 140, 150 దగ్గర నిలుస్తుంది, నెలలు నిండేసరికి ఇంకొంచెం తగ్గుతుంది. అంటే తొమ్మిదో వారంలో 174 మంచి అంకె. అదే 174 ముప్ఫై ఆరో వారంలో పది నిమిషాలైనా దిగకుండా ఉంటే డాక్టర్లు కారణం వెతుకుతారు. ఆరో వారం దాటాక 90 కంటే తక్కువ కనిపిస్తే మాత్రం జాగ్రత్తగా మళ్లీ స్కాన్‌కి రమ్మంటారు. ఇదంతా విన్నాక నా మనసు కుదుటపడాలి కదా, పడలేదు. స్కాన్‌కీ స్కాన్‌కీ మధ్య మూడు నాలుగు వారాలు ఎలా గడపాలా అన్నదే దిగులు. ఆ దిగులు చూడలేక మా ఆయన పదకొండో వారంలో ఈ డాప్లర్ ఆర్డర్ పెట్టారు. 2,800 రూపాయలు పడింది.

డబ్బాలో మెషిన్, వైరుతో మైకులాంటి ప్రోబ్, చిన్న సీసాలో జెల్, ఒక ఇంగ్లిష్ పుస్తకం ఉన్నాయి. పుస్తకంలో 120 నుంచి 160 నార్మల్ అని రాసి ఉంది. ఇది పాత లెక్క. మన దగ్గర ఇప్పటికీ చాలామంది నోట ఇదే వినిపిస్తుంది, కానీ ఇప్పుడు డాక్టర్లు పాటించే కింది హద్దు 110. నెలలు నిండిన బిడ్డకు 114 వస్తే ఈ పుస్తకం చూసుకున్న తల్లి భయంతో సగం అయిపోతుంది, ఆస్పత్రిలో మాత్రం మిగతావన్నీ బాగుంటే ఫరవాలేదంటారు. వారాన్ని బట్టి అంకె మారుతుందన్న ముక్క అందులో ఎక్కడా లేదు. పన్నెండో వారం నుంచి వినొచ్చని డబ్బామీద పెద్ద అక్షరాలతో ఉంది.

నేను పన్నెండో వారం దాకా ఆగలేకపోయాను. వచ్చిన రాత్రే పెట్టి చూశాం. నలభై నిమిషాలు వెతికాం. బొడ్డు కింద, కుడి పక్క, ఎడమ పక్క, జెల్ సగం సీసా అయిపోయింది. బరబర శబ్దం తప్ప ఏమీ లేదు. మా ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చేసింది. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు, తెల్లారగానే పరగడుపున ఆస్పత్రికి పరుగెత్తాం. స్కాన్‌లో బిడ్డ కాళ్లు ఆడిస్తూ హాయిగా ఉంది, 163. పదకొండో వారంలో గర్భసంచి ఇంకా పొత్తికడుపు ఎముక వెనకే ఉంటుందని, పైగా నాకు మాయ (ప్లాసెంటా) ముందు గోడకు అంటుకుని ఉంది కాబట్టి ప్రోబ్‌కీ బిడ్డకీ మధ్య దిండు అడ్డం పెట్టినట్టు ఉంటుందని స్కాన్ చేసిన ఆవిడ చెప్పారు. కొంచెం ఒళ్లున్న వాళ్లకు ఇంకో రెండు మూడు వారాలు ఆలస్యంగా దొరకడం కూడా మామూలేనట. వినపడకపోతే బిడ్డ లేదని అర్థం కాదు. ఈ ఒక్క వాక్యం డబ్బామీద పెద్ద అక్షరాలతో రాయాల్సింది.

అయినా మానలేదు. పదమూడో వారం చివర్లో మొదటిసారి దొరికింది. ఆ శబ్దం గురించి మాత్రం ఏమీ తగ్గించి చెప్పను. దూరంగా గుర్రం దౌడు తీస్తున్నట్టు టకటకా టకటకా అని వస్తుంటే మా అత్తయ్య కళ్లు తుడుచుకున్నారు, మా ఆయన ఫోన్‌లో రికార్డు చేసి వాళ్ల నాన్నగారికి పంపారు. ఈ రెండు స్టార్లలో ఒకటి ఆ సాయంత్రానికే ఇస్తున్నా.

పదహారో వారంలో ఒకరోజు తెరమీద 92 వచ్చింది. ఎటు జరిపినా 90, 94, 92. నా చేతులు చల్లబడ్డాయి. మా పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ కృష్ణా జిల్లా పల్లెల్లో ముప్ఫై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ అడిగిన మొదటి మాట, "నీ నాడి ఎంతుందో చూసుకున్నావా?" చూసుకుంటే 93. నేను వింటున్నది నా గుండే. కడుపుతో ఉన్నప్పుడు తల్లి నాడి మామూలు కంటే పది ఇరవై ఎక్కువే ఉంటుంది, భయపడితే ఇంకా పెరుగుతుంది. పొట్టలో తల్లి రక్తనాళాల శబ్దాన్ని కూడా ఈ మెషిన్ అంతే స్పష్టంగా వినిపిస్తుంది, ఇది బిడ్డది, ఇది తల్లిది అని దానికి తెలియదు. అది చేసేదల్లా కదులుతున్న దానికి శబ్ద తరంగం తగిలి వెనక్కి వచ్చేటప్పుడు వచ్చే తేడాని మన చెవికి వినిపించేలా మార్చడమే. క్రిస్టియన్ డాప్లర్ అనే ఆయన 1842లో చెప్పిన సూత్రం, రైలు కూత దగ్గరికొచ్చేటప్పుడు ఒకలా, దూరమయ్యేటప్పుడు ఇంకోలా వినిపిస్తుందే, అదే. కదిలేది బిడ్డ గుండె అయినా, నా రక్తనాళమైనా, మాయలో పారే రక్తమైనా దానికి ఒకటే.

పెద్దమ్మ చెప్పిన పద్ధతి ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇది నాకు ఏ పుస్తకంలోనూ ఇంత సులువుగా దొరకలేదు. ఆవిడ రోజుల్లో సబ్ సెంటర్లో మెషిన్లు లేవు, గరాటులాంటి ఫీటోస్కోప్ గొట్టమే. ఫ్రాన్స్‌లో పినార్డ్ అనే డాక్టర్ 1895లో తయారుచేసిన నమూనా అది, ఇప్పటికీ చాలాచోట్ల వాడుతున్నారు. దాని వెడల్పు వైపు పొట్టమీద ఆనించి, రెండో వైపు చెవి పెట్టి వినేవారు. వినేటప్పుడు ఒక చెయ్యి తల్లి మణికట్టు మీదే ఉండాలి. చెవిలో శబ్దం, చేతి కింద నాడి ఒకేసారి కొడుతుంటే అది బిడ్డది కాదు. వేరుగా, దానికంటే బాగా వేగంగా వస్తేనే బిడ్డది. గడియారం చూస్తూ నిండా అరవై సెకన్లు లెక్కపెట్టాలి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడాలు లేవు. ఊష్ ఊష్ అని గాలి వీచినట్టు వస్తే అది మాయది, లేదా గర్భసంచికి వచ్చే రక్తనాళానిది. గుర్రపు డెక్కల్లా టకటకా వస్తే అది గుండె. "ఇది నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది, నువ్వు ఒక్క సాయంత్రంలో నేర్చుకుంటానంటే ఎలాగే" అన్నారు ఆవిడ. ఇంకోటి కూడా, చవక మెషిన్లలో తెరమీద అంకె ఒక్కోసారి అసలు దాంట్లో సగమో, రెట్టింపో చూపించేస్తుంది. నాకు ఒకసారి 71 చూపించి రెండు క్షణాల్లో 142 అయింది. అంకెని కాదు, చెవిని నమ్మాలి, ఆ చెవికి శిక్షణ ఉండాలి.

తర్వాత రెండు నెలలు నేను ఈ మెషిన్‌కి బానిసనైపోయాను. పొద్దున లేవగానే, ఆఫీసు కాల్స్ మధ్యలో, పడుకునే ముందు. ఒక నోటు పుస్తకంలో అంకెలు రాసేదాన్ని, 136, 152, 144, 139. పొద్దున 136, సాయంత్రం 152 వస్తే ఎందుకు పెరిగిందని టెన్షన్. మా డాక్టరు గారు ఆ పుస్తకం చూసి మూసేసి చెప్పారు, మారుతూ ఉండటమే ఆరోగ్యమని. బిడ్డ మేలుకుని కాళ్లూ చేతులూ ఆడిస్తే గుండె వేగం పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. క్షణక్షణానికీ కూడా ఐదు నుంచి పాతిక వరకు అటూ ఇటూ ఊగుతూ ఉండాలి. అలా ఊగుతోందంటే మెదడు, నరాలు సరిగ్గా పనిచేస్తున్నాయనీ, ప్రాణవాయువు సరిపడా అందుతోందనీ అర్థం. కదలకుండా ఒకే అంకె దగ్గర గీత గీసినట్టు ఉండిపోతేనే వాళ్లు కంగారు పడతారు. నేను సరిగ్గా తిరగేసి అర్థం చేసుకుంటున్నాను, ఒకే అంకె వస్తే సంతోషం, మారితే భయం.

ఈ అంకెల గురించే ఇంకో మాట. 140 దాటితే ఆడపిల్ల, లోపుంటే మగపిల్లాడు అని మా వీధిలో పెద్దవాళ్లందరూ ఖాయంగా చెప్తారు. పక్కింటి పిన్నిగారు నా 138 విని మగపిల్లాడేనన్నారు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, రోజుకి నాలుగుసార్లు మారే అంకె అది. పుట్టబోయేది ఎవరో చెప్పడం, అడగడం రెండూ మన దేశంలో 1994 చట్టం ప్రకారం నేరం కూడా. దయచేసి ఈ మెషిన్‌ని అందుకు వాడకండి, పక్కవాళ్లని వాడనివ్వకండి.

ఒక్కసారి ఈ మెషిన్ నాకు నిజంగా పనికొచ్చిందని చెప్పాలి. ఇరవై ఆరో వారంలో వైరల్ జ్వరం వచ్చింది, 102. బిడ్డది 176 చూపించింది. వెంటనే వెళ్లాం. తల్లికి జ్వరమొస్తే బిడ్డ గుండె కూడా వేగమవుతుందని, ఒంట్లో నీళ్లు తగ్గినా అంతేనని చెప్పి, సెలైన్ పెట్టి, జ్వరానికి మందిచ్చి మూడు గంటలు ఉంచుకున్నారు. జ్వరం దిగాక 150కి వచ్చింది. నిజానికి ఆలోచిస్తే, 102 జ్వరంతో ఉన్న గర్భిణి మెషిన్ ఏం చూపించినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే కదా. 145 చూపించి ఉంటే నేను ఇంట్లోనే ఉండిపోయేదాన్నేమో.

ఆ రోజు సెలైన్ ఎక్కుతుంటే డ్యూటీ డాక్టరమ్మని చాలా అడిగాను, ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. ఆఖరి నెలల్లో 160 పైన పది నిమిషాలు దాటి నిలిచిపోతే వేగం ఎక్కువైనట్టు లెక్క. జ్వరం, ఉమ్మనీటి సంచిలో ఇన్ఫెక్షన్, తల్లికి థైరాయిడ్ ఎక్కువ ఉండటం, కాన్పు నొప్పులు ముందే వస్తే ఆపడానికి ఇచ్చే కొన్ని మందులు, బిడ్డకు రక్తం తక్కువవడం, ఇలా ఏదైనా కావచ్చు. 200 దాటి, 220 పైన ఒకేలా పరుగెడుతుంటే అది గుండె లయలోనే తేడా, దానికి తల్లికి మందులిచ్చి కడుపులో ఉండగానే బిడ్డకు వైద్యం చేసే వీలుంది. 110 కింద పది నిమిషాలు దాటి ఉండిపోతే వేగం తగ్గినట్టు. బొడ్డుతాడు నొక్కుకుపోవడం, తల్లికి బీపీ పడిపోవడం లాంటివి కారణాలు. లూపస్, షోగ్రెన్ లాంటి, ఒంటి రక్షణ శక్తి సొంత ఒంటిమీదే తిరగబడే జబ్బులున్న తల్లుల రక్తంలోని యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి బిడ్డ గుండెలో కరెంటు దారిని దెబ్బతీసే సందర్భాలూ ఉన్నాయి, అలాంటి వాళ్లకు ప్రత్యేకంగా గుండె స్కాన్లు చేస్తారు. మధ్యలో ఒక్కో చప్పుడు తప్పినట్టు అనిపించడం మాత్రం ఎక్కువగా దానంతట అదే సర్దుకుంటుంది, అయినా వినిపించుకున్నవాళ్లు డాక్టరుకి చెప్పాలి. ఇంకో సంగతి, నెలలు ముదిరాక వెల్లకిలా పడుకోకూడదు, గర్భసంచి బరువు వెన్ను పక్కన ఉన్న పెద్ద రక్తనాళం మీద పడి తల్లికి బీపీ తగ్గి, బిడ్డకు వెళ్లే రక్తమూ తగ్గుతుంది. నేను ఈ మెషిన్ పెట్టుకుని అరగంట సేపు వెల్లకిలానే పడుకునేదాన్ని.

ఇప్పుడు అసలు విషయం.

ఏడో నెలలో పుట్టింటికి వెళ్లాను, గుడివాడ దగ్గర పల్లె. డాప్లర్ కూడా సంచిలో పెట్టుకున్నా. ముప్ఫై ఐదు వారాల నాలుగు రోజులు, ఆదివారం. పొద్దున్నుంచి బిడ్డ పెద్దగా కదల్లేదు. రోజూ టిఫిన్ తినగానే పక్కటెముకల కింద ఒక తన్ను ఉండేది, ఆ రోజు అది లేదు. అమ్మతో అంటే చల్లటి మజ్జిగ ఇచ్చింది. వరసకి పిన్ని అయ్యే ఆవిడ వచ్చి, "నెలలు నిండేకొద్దీ లోపల చోటు చాలదమ్మా, కదలదు, మాకూ అంతే" అంది. మధ్యాహ్నం డాప్లర్ పెట్టాను, 138. నాలుగింటికి 141. రాత్రి ఎనిమిదింటికి 139. ప్రతిసారీ నా నాడి కూడా చూసుకున్నాను, నాది 88, అంటే అది బిడ్డదే. అంకె బాగుంది, ఇంట్లో అందరం తేలికపడ్డాం, రేపు సోమవారం ఎలాగూ చెకప్ ఉంది కదా, అప్పుడు చెప్దాంలే అనుకున్నాం.

తొమ్మిదింటికి పెద్దమ్మ ఫోన్ చేశారు, ఊరికే మాట్లాడటానికి. నేను కదలికలు తగ్గాయని, కానీ హార్ట్‌బీట్ 139 ఉందని చెప్పాను. ఆవిడ గొంతు మారిపోయింది. "కొట్టుకుంటోందని నాకు చెప్పకు. కదిలిందా లేదా, అది చెప్పు. మధ్యాహ్నం నుంచి ఎన్నిసార్లు?" లెక్కపెడితే రెండో మూడో. "ఇప్పుడే బయల్దేరండి. మీ నాన్నని కారు మాట్లాడమను, దొరక్కపోతే 108కి ఫోన్ చెయ్యమను. రేపటిదాకా ఆగొద్దు." ఎదురింటి వాళ్ల కారులో విజయవాడ వెళ్లాం. గంట పైనే పట్టింది, దారంతా నా చెయ్యి పొట్టమీదే ఉంది.

అక్కడ ఎన్‌ఎస్‌టీ పెట్టారు. నాన్ స్ట్రెస్ టెస్ట్ అంటారు, చూడనివాళ్ల కోసం చెప్తున్నా, పొట్టకి రెండు బెల్టులు కడతారు, ఒకటి బిడ్డ గుండె చప్పుడు, ఇంకోటి గర్భసంచి బిగుసుకోవడం పట్టుకుంటుంది. చేతికి ఒక బటన్ ఇచ్చి బిడ్డ కదిలినప్పుడల్లా నొక్కమంటారు. కాగితం మీద గీత గీసుకుంటూ పోతుంది. ముప్ఫై రెండు వారాలు దాటిన బిడ్డయితే, ఇరవై నిమిషాల్లో కనీసం రెండుసార్లు గుండె వేగం 15 పెరిగి, పదిహేను సెకన్లయినా అలా ఉండి దిగాలి. అంతకంటే చిన్న వారాలకు 10 పెరిగి పది సెకన్లుంటే చాలు. బిడ్డ నిద్రలో ఉండొచ్చు కాబట్టి నలభై నిమిషాల దాకా చూస్తారు. నాకు నలభై నిమిషాలు చూశారు. గీత 140 దగ్గర మొదలై 140 దగ్గరే ఉంది. పెరగలేదు, ఊగలేదు. నేను బటన్ ఒక్కసారీ నొక్కలేదు.

140. ఇంట్లో నా మెషిన్ చూపించిన అంకే అది. నా మెషిన్ తప్పు చెప్పలేదు, అందుకే ఇది రాయాలనిపించింది. అంకె నిజమే, అయినా బిడ్డ బాగాలేదు.

స్కాన్ చేశారు. ఉమ్మనీరు బాగా తగ్గిపోయింది, బొడ్డుతాడులో రక్త ప్రవాహంలో తేడా ఉంది. మాయ సరిగ్గా పనిచేయడం లేదన్నారు. పెద్ద డాక్టరు గారు వచ్చి మా అమ్మానాన్నలని కూర్చోబెట్టి చెప్పారు, బిడ్డకు అందేది తగ్గినప్పుడు ఉన్నదాన్ని మెదడుకీ గుండెకీ దాచుకుంటుంది, అందుకని ముందు కాళ్లూ చేతులూ ఆడించడం మానేస్తుంది, తర్వాత గుండె గీత ఊగడం తగ్గుతుంది, గుండె చప్పుడు ఆగడం అన్నిటికంటే ఆఖరిది, అది ఉంది కదా అని కూర్చుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది అని. తెల్లవారుజామున మూడింటికి ఆపరేషన్ చేశారు. పాప, కిలో 950 గ్రాములు. ఆరు రోజులు ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో ఉంచారు. మా ఆయన హైదరాబాద్ నుంచి వచ్చేసరికి పాప అద్దాల పెట్టెలో ఉంది.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోకండి. 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంగ్లండ్ డాక్టర్లు ఇలాంటి కేసే రాశారు. నెలలు నిండుతున్న ఒకావిడకు కదలికలు తగ్గితే ఇంట్లో డాప్లర్‌తో విని, గుండె వినిపిస్తోంది కదా అని ఆగిపోయింది. ఆస్పత్రికి వచ్చేసరికి బిడ్డ లేదు. ఆవిడ విన్నది తన నాడో, మాయలో రక్తం పారే శబ్దమో అయి ఉంటుందని వాళ్లు రాశారు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2014 డిసెంబర్‌లో వీటిని ఇంట్లో సొంతంగా వాడొద్దని, శిక్షణ ఉన్నవాళ్ల చేతుల్లోనే ఉండాలని చెప్పింది. మన దగ్గర మాత్రం బొమ్మలు కొన్నంత తేలిగ్గా రెండు రోజుల్లో ఇంటికి వచ్చేస్తోంది, సీమంతానికి కానుకగా ఇచ్చేవాళ్లనీ చూశాను.

నన్ను అడిగితే కదలికలు లెక్కపెట్టుకోండి. దానికి రూపాయి ఖర్చు లేదు. ఇరవై ఎనిమిదో వారం నుంచి మాకు చెప్పిన పద్ధతి ఇది, ఏదైనా తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని, ఫోన్ పక్కన పెట్టేసి లెక్కపెట్టాలి. రెండు గంటల్లో పది కదలికలు రావాలి, చాలామందికి అంతకంటే చాలా ముందే వచ్చేస్తాయి. కొన్ని ఆస్పత్రుల్లో మూడు పూటలా భోజనం అయ్యాక గంట చొప్పున లెక్కపెట్టమంటారు, మీ డాక్టరు ఎలా చెప్తే అలా చేయండి. అంకె కంటే ముఖ్యం, మీ బిడ్డకు ఒక అలవాటు ఉంటుంది, ఏ వేళకు ఎంత ఆడుతుందో మీకే తెలుస్తుంది, ఆ అలవాటు మారితే వెళ్లిపోండి. నెలలు నిండాక కదలిక తీరు మారొచ్చు, తన్నడం పోయి ఒరుసుకుంటున్నట్టు అనిపించొచ్చు, కానీ తగ్గకూడదు. చోటు చాలక కదలదు అన్న మాట తప్పు. ప్రేమతో చెప్పేవాళ్లే చెప్తారు దాన్ని, మా పిన్ని కూడా అంతే, అయినా తప్పే. స్వీటు తిని చూడు, చల్లనీళ్లు తాగి చూడు అంటూ గంటలు పోగొట్టొద్దు. అర్ధరాత్రైనా, పండగైనా, ఊరికే వచ్చారని సిస్టర్లు విసుక్కున్నా వెళ్లండి. విజయవాడలో నా పక్క మంచం మీదావిడ కూడా కదలికలు తగ్గాయనే వచ్చింది, ఎన్‌ఎస్‌టీ బాగుంది, గంటలో ఇంటికి పంపేశారు. ఆవిడ ఎవరికీ సారీ చెప్పాల్సిన పని లేదు.

రెండో స్టార్ దేనికంటే, ఈ మెషిన్ వస్తువుగా మంచిదే. పల్లెల్లో తిరిగే ఏఎన్ఎంల చేతిలో, చిన్న క్లినిక్‌లో, మణికట్టు మీద చెయ్యేసి వినడం తెలిసిన మనిషి దగ్గర ఇది గొప్పగా పనికొస్తుంది. మా పెద్దమ్మ దీన్ని పట్టుకున్న మొదటి నిమిషంలోనే బిడ్డ వీపు ఎటుందో చేత్తో తడిమి, సరిగ్గా అక్కడ ప్రోబ్ పెట్టి పట్టేసుకున్నారు. ఎవరికైనా వాళ్ల డాక్టరే ఏదో కారణంతో ఇంట్లో వినమని చెప్పి, నేర్పించి పంపితే అది వేరు సంగతి, వాళ్లు ఈ రివ్యూ పట్టించుకోనక్కర్లేదు.

కింద కామెంట్లలో ఇద్దరు అడిగారు, వాడటం లేదు కదా, సగం ధరకి ఇస్తారా అని. ఒకావిడకు ఇరవై తొమ్మిదో వారం అట. ఇవ్వనండీ, క్షమించండి. దాన్ని మా పెద్దమ్మకి ఇచ్చేశాను, ఆవిడ ఊళ్లో ఇప్పుడు పనిచేస్తున్న ఏఎన్ఎం అమ్మాయికి ఇస్తానన్నారు. మీరు ఈ రాత్రి అన్నం తిన్నాక ఎడమ పక్కకి తిరిగి పడుకుని లెక్కపెట్టి, ఎన్ని వచ్చాయో ఇక్కడ రాయండి, నేను చూస్తూ ఉంటాను. పది రాకపోతే మాత్రం రాయడానికి ఆగకండి, ఆస్పత్రికి బయల్దేరండి.